ఊదారంగు వేళ్ల డాక్టరమ్మ

మొన్న మా మనవరాలు ఇంటర్మీడియట్ రికార్డు పుస్తకం ముందేసుకుని రంగు పెన్సిళ్లతో కుస్తీ పడుతుంటే పక్కన కూర్చున్నాను. జంటలు జంటలుగా చిన్న గుండ్రాలు గీసి, వాటికి వేయడానికి ఊదా పెన్సిల్ తీసింది. ఇది ఏ పురుగు అని అడిగాను. విసుక్కుంటూ ఒక ఇంగ్లీషు పేరు చదివింది. అయితే ఊదా కాదు, ఎరుపు వెయ్యమన్నాను. టీవీ రిమోటు ఎటు పట్టుకోవాలో తెలియని ముసలిదానికి పురుగుల రంగులు తెలుస్తాయా అని దాని అనుమానం. పుస్తకం తిరగేసి చూసింది. ఎరుపు పెన్సిల్ చెక్కుకుంది. నీకెట్లా తెలుసని అడిగితే, చూశాను కాబట్టి తెలుసన్నాను.

ఆ పూటంతా నాకు పని సాగలేదు. యాభై ఏళ్ల కిందటి మనిషి వచ్చి పక్కన పీట వేసుకు కూర్చున్నట్టయింది. ఆమె మీద నాకు గౌరవం ఉంది, ప్రేమ ఉంది, కోపమూ ఉంది. మూడింట్లో కోపమే ఇంకా ఆరలేదు.

ఆమె పేరు రాయను. బతికి ఉండగా గోడకు బోర్డు కూడా కట్టనివ్వలేదు. సూర్యాపేటలో అందరూ డాక్టరమ్మ అనేవాళ్లు, నేనూ అంతే. బెజవాడ అవతల ఏదో ఊరు. నిజాం రాజ్యం చివరి రోజుల్లో మా వైపు వచ్చి, బస్సు రోడ్డుకు దగ్గరలో ఒక పెంకుటిల్లు కిరాయికి తీసుకుని ఆడవాళ్ల దవాఖాన పెట్టింది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మాది పెన్‌పహాడ్. హైదరాబాదులో ఏడాది నర్సు పని నేర్చుకుని వచ్చి ఆమె దగ్గర చేరాను. ఆమె ఎవరినీ పేరు పెట్టి పిలిచేది కాదు. గదిలో నలుగురు ఆడవాళ్లు ఉంటే ఎవరికి ఏ జబ్బో పక్కవాళ్లకు తెలియకూడదని ఊరి పేరుతో పిలిచేది. "నడిగూడెం, లోపలికి రామ్మా." "వాడపల్లీ, ఇంకాసేపు కూర్చో." నాకు ఏ జబ్బూ లేకపోయినా నన్నూ పెన్‌పహాడ్ అనే అనేది.

పొట్టి మనిషి. ఖద్దరు చీర మోకాళ్ల పైకి వచ్చేంత బిగించి కట్టేది. చేతులు కడుక్కుని తువ్వాలుకు తుడుచుకోకుండా గాల్లో విదిలించేది, ఆ చుక్కలు నా మొహాన పడేవి. కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు ఎప్పుడూ ఊదారంగే. పురుగులకు పట్టించే రంగు అది, సబ్బుకు పోదు, నిమ్మకాయకు పోదు. పేరంటాలకు పిలిస్తే ఆ చేతినే చాచేది. ముసలమ్మలు తమలపాకులు పళ్లెంలో పెట్టి దూరం నుంచి జరిపేవాళ్లు. వైద్యం చేసే చేతికే రోగం ఉందని ఊళ్లో ఒక గుసగుస. నేను ఆ మాట చెబితే నవ్వి, రోగం చేతికి అంటితే చాలా తేలిక, కోసి పారేయొచ్చు అంది.

మా వైపు ఆడవాళ్లకు నడుము కింద ఏ బాధ వచ్చినా దానికి ఒకటే పేరు, తెల్లబట్ట. కారణం కూడా ఒకటే, వేడి చేసింది. మజ్జిగ తాగు, సబ్జా నానబెట్టుకో, తగ్గకపోతే నీ రాత. డాక్టరమ్మకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. దీపం పెట్టి చూస్తే చాలామందికి గర్భసంచి మూతి వాచి, ఎర్రగా పుండులా ఉండేది. వాపు కనిపించింది కదా, మందు ఇవ్వొచ్చు కదా అని మొదట్లో నేను అనేదాన్ని. "వాపు కంటికి కనిపిస్తుందమ్మాయ్. వాపు పెట్టింది ఎవరో కనిపించొద్దూ?" అనేది. కాన్పులో చిరిగి వాచొచ్చు, క్షయ వల్ల వాచొచ్చు, నీటిచుక్కలో గిలగిల్లాడే ఇంకో పురుగు వల్ల వాచొచ్చు, మొగుడు తెచ్చిన సెగరోగం వల్ల వాచొచ్చు. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. చూడందే చెప్పనని ఆమె పంతం. ఆ పంతం పేటలో అందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల ఊళ్లక్కూడా పాకింది. డాక్టరమ్మ చూడంది చెప్పదట అని మంచిగానే చెప్పుకునేవాళ్లు.

చూడడం అంటే పెద్ద తతంగం. పుల్లకు చుట్టిన దూదితో మూతి దగ్గర చీము తీసి గాజుబిళ్ల మీద పూసేది. స్పిరిట్ దీపం మీద ఆరబెట్టి, ఊదారంగు పోసి, అయొడిన్ పోసి, స్పిరిట్‌తో కడిగి, చివర ఎర్రరంగు పోసేది. ఊదా నిలుపుకోని పురుగులకు ఆ ఎరుపు పట్టేది. కరెంటు లేదు. మైక్రోస్కోపు అడుగున ఉన్న చిన్న అద్దం మీద కిటికీ ఎండ పడితేనే కనిపించేది. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకే ఆ ఎండ. ఆ రెండు గంటలు దవాఖానలో ఎవరూ దగ్గకూడదు. రెండు కళ్లూ తెరిచే చూసేది. చూస్తూ వాటితో మాట్లాడేది, "ఏమే, ఎక్కడ దాక్కున్నావే, రా, బయటికి రా" అని. బయట బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్లు లోపల ఇంకో పేషెంటు ఉందనుకునేవాళ్లు. మబ్బు పడితే మాత్రం ఆ కోపం మా మీద పడేది.

ఆ మైక్రోస్కోపు ఆమె ప్రాణం. కోదాడకో నల్లగొండకో వెళ్లాల్సి వస్తే చెక్కపెట్టెలో పెట్టి ఒళ్లో మోసుకెళ్లేది. బస్సులో ఎవరైనా అడిగితే కుట్టుమిషను అని చెప్పేది. నిజం చెబితే బస్సంతా నాలుకలు చాపి గడ్డలు చూపిస్తారని ఆమె భయం. ఒకసారి మునగాల దగ్గర ఒకావిడ పట్టు వదలకుండా రవికె గుడ్డ ఒళ్లో పెట్టేసింది. డాక్టరమ్మ దాన్ని తెచ్చి నా చేత కుట్టించి, వారం తర్వాత పంపించింది. చూడంది చెప్పని మనిషి ఆ ఒక్క అబద్ధం మాత్రం హాయిగా ఆడేది.

ఇక నా తెలివి గురించి చెప్పాలి. హైదరాబాదులో మాకు మొదట నేర్పింది శుభ్రం. మా ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. గుడికి, పేరంటానికి వెళ్లినట్టే దవాఖానకూ తలంటుకుని వచ్చేవాళ్లు. పరాయి మనిషి ముందు, అందులో డాక్టరమ్మ ముందు, మురికిగా ఎలా పడుకుంటాం అని వాళ్ల సిగ్గు. నేను దానికి ఇంకో మెట్టు కట్టాను. పెరట్లో తడిక కట్టించి, కాగులో పటిక వేసి మరిగించిన నీళ్లు పెట్టి, లోపలికి పంపేముందు ఒక్కొక్కరినీ అక్కడికి తోలి మరీ లోపలిదాకా కడిగించేదాన్ని. డాక్టరమ్మకు చెప్పలేదు. ఇంత మంచి పని ఆమె గమనించి ఒకరోజు మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాను.

ఆ రోజుల్లో వచ్చింది సోమక్క. పుట్టిల్లు వాడపల్లి దగ్గర, మెట్టిల్లు మిర్యాలగూడ. గొర్రెలు మేపుకునే ఇల్లు. మొగుడు గొర్రెల బేరగాడు, పొట్టేళ్లను తోలుకుని కోదాడ మీదుగా అవతలి సంతలకు వెళ్లి నెలకు సగం రోజులు బయటే ఉండేవాడు. పెళ్లయి ఐదేళ్లు, ఒక కడుపు పోయింది, మళ్లీ నిలవలేదు. పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట. దసరా లోపల కడుపు పండకపోతే ఇంకో పిల్లను తెస్తామని అత్త చెప్పేసిందట. ఆమె ఏడవలేదు. నా ఇల్లు నాకు ఉండేటట్టు చెయ్యమని అడిగింది, అంతే. పిల్లలు కావాలని కూడా అనలేదు.

డాక్టరమ్మ స్లైడు చూసింది. ఏమీ లేదు. చీము కణాలు నాలుగు తప్ప పురుగు జాడ లేదు. పదిహేను రోజులకు మళ్లీ రప్పించి చూసింది. మళ్లీ ఏమీ లేదు. మూతి మాత్రం పండిన మిరపకాయలా ఉంది. అప్పటికి నాలుగు నెలలుగా సోమక్కే కాదు, ఎవరి స్లైడు చూసినా అంతే. రంగులు పాడయ్యాయేమో అని కొత్త సీసాలు తెప్పించింది. కళ్లు మసకబారాయేమో అని అద్దాలు మార్చుకుంది. తిండి కూడా సరిగ్గా తినేది కాదు. ఒకరోజు చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చి, తడిక వెనక చెంబులతో నిలబడ్డ నడిగూడెం, మునగాలలను చూసింది. కాగు మూత తీసి, వేలు ముంచి, నాలుకకు అద్దుకుంది. అక్కడే బట్టలుతికే బండ మీద కూలబడింది.

"నాలుగు నెలలుగా నేను పటిక నీళ్లను పరీక్ష చేస్తున్నానన్నమాట" అంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

కడుక్కోకుండా రమ్మని చెప్పడం కడుక్కు రమ్మన్నంత తేలిక కాదు. సోమక్క మూడోసారి వచ్చినప్పుడు, స్నానం చేయకుండా మిర్యాలగూడ నుంచి బస్సులో కూర్చుని వచ్చానని, పక్కవాళ్లకు ఒళ్లు తగలకుండా దారంతా ముడుచుకుని ఉన్నానని చెప్పి, అప్పుడు ఏడ్చింది. ఇల్లు పోతుందని ఏడవని మనిషి దానికి ఏడ్చింది. ఆ ఏడుపుకు కారణం నేనే అనిపించి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆ పూట ఎండ బాగుంది. డాక్టరమ్మ చాలాసేపు చూసి, నన్ను పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టింది. చీము కణాల కడుపుల్లో ఎర్రగా, రెండేసి పప్పు బద్దలు ఎదురెదురుగా పెట్టినట్టు, జంటలు జంటలుగా. లెక్కలేనన్ని. సెగరోగం పురుగులు. నేను లేచాక సోమక్కను కూర్చోబెట్టింది. తన ఒంట్లోది తాను చూసుకునే హక్కు ప్రతి మనిషికీ ఉందనేది ఆమె.

సోమక్క చూసి, తల ఎత్తకుండానే అడిగింది. "ఇవి నా కడుపుల ఎట్లొచ్చినయమ్మా?"

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నీ తప్పు కాదు" అంది. సోమక్కకు అర్థమైంది. మళ్లీ ఒకసారి దుర్బిణిలోకి చూసింది. ఎంతోసేపు చూసింది.

పెన్సిలిన్ అప్పుడప్పుడే వస్తోంది. రజాకార్ల గోలలో సరిహద్దు మూసుకుపోయి మామూలు మాత్రలే దొరికేవి కావు. డాక్టరమ్మ కోదాడ వెళ్లి, బెజవాడ నుంచి వచ్చే మనిషి కోసం రెండు రోజులు కాచుకుని, చిన్న సీసాలు కొంగులో చుట్టుకుని తెచ్చింది. తడి ఇసుకలో పెట్టిన కుండలో దాచింది. సోమక్కను వెనక గదిలో మూడు రోజులు ఉంచి సూదులు వేశాం. వారానికి స్లైడు తుడిచినట్టు ఉంది. మూతి ఎరుపు తగ్గింది. ఆ రోజు డాక్టరమ్మ నాకు, తనకు, సోమక్కకు మూడు గిన్నెల్లో పెరుగన్నం కలిపి ఎండుమిరపకాయలు వేయించింది. అంత సంతోషంగా ఆమెను మళ్లీ చూడలేదు.

కానీ మొగుడికి మందు పడకపోతే ఇదంతా చిల్లి కుండలో నీళ్లు. ఇంటికి వెళ్తే మళ్లీ అంటుకుంటుంది. అతను భార్యను తీసుకుపోవడానికి వచ్చి గేటు బయటే బండి దగ్గర నిలబడ్డాడు. మగవాళ్లు గేటు దాటకూడదని దవాఖాన నియమం. ఆ నియమం ఉండబట్టే పరదా ఇళ్ల ఆడవాళ్లు కూడా ధైర్యంగా వచ్చేవాళ్లు. ఆ నియమం వల్లే మగవాడి ఒంట్లో ఏముందో చూసే దారి మాకు లేకపోయింది. డాక్టరమ్మ తానే గేటు దాకా వెళ్లింది. అతను చెడ్డ మనిషిలా లేడు. నెమ్మదస్తుడు. చేతులు కట్టుకుని నేల చూస్తూ, నాకేం లేదమ్మా, మంచిగున్న అని అన్నాడు. నాలుగు మాటలు చెప్పేసరికి చెవులు ఎర్రబడి బండి అవతలికి వెళ్లిపోయాడు.

అప్పుడు చీటీ రాశాం. నోటితో చెబితే వినలేకపోతున్నాడు, ఒంటరిగా చదివించుకుంటే తలకెక్కుతుందని డాక్టరమ్మ అనుకుంది. ఆమె చెప్పింది, నేను రాశాను. మీ భార్యకు ఫలానా రోగపు పురుగు కనిపించింది, మందు ఇచ్చాం, నయమైంది, మీరూ వచ్చి పరీక్ష చేయించుకుని మందు వాడాలి. ఇంతే. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని అప్పట్లో నాకు గర్వం.

అతనికి చదువు రాదని మాకు తట్టలేదు. పట్వారీ దగ్గరికి తీసుకెళ్లాడు. పట్వారీ అరుగు మీద పదిమంది ఉన్నారు. ఆయన పెద్ద గొంతుతో మొదటి మాట చదివాడు. రెండో మాట ఎవరికీ అక్కర్లేకపోయింది. రోగం ఎవరిలో కనిపించిందో కాగితం మీద రాసి ఉంది, డాక్టరమ్మే రాసిచ్చింది, ఆమె చూడంది చెప్పదు. మొగుడు నెలకు సగం రోజులు ఇంట్లో ఉండడు. ఇక లెక్క కట్టుకోవడం ఎంతసేపు.

సోమక్క తమ్ముడు వచ్చి కులపెద్దలు కూర్చుంటున్నారని చెప్పగానే డాక్టరమ్మ మైక్రోస్కోపు పెట్టె ఒళ్లో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని మిర్యాలగూడ బస్సెక్కింది.  దారంతా పెట్టె మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది.

పెద్దలు మర్యాదస్తులు. అది చెప్పకపోతే అన్యాయం. పెద్దాయన వాకిట్లో వేపచెట్టు నీడన మంచం వాల్చి డాక్టరమ్మను కూర్చోబెట్టారు. చల్ల ఇచ్చారు. ఆమె ఉన్నంతసేపు ఎవరూ చుట్ట వెలిగించలేదు. సోమక్క దొడ్డిగోడ పక్కన కొంగు మొహాన కప్పుకుని నిలబడి ఉంది. డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఈ పురుగు గాల్లో రాదు, నీళ్లలో రాదు, మనిషి నుంచి మనిషికి వస్తుంది, సంతల వెంట తిరిగేవాళ్లకు తగులుతుంది, మగవాడికి నాలుగు రోజులు మంటపెట్టి అణిగిపోయినట్టు ఉంటుంది, ఆడదానికి లోపల్లోపల తినేస్తుంది. అందరూ విన్నారు. తల ఊపారు కూడా. గెలిచామనుకున్నాను.

పెద్దాయన మెల్లగా అడిగాడు. "ఈ ఆడపిల్లకాడ పురుగు నీ కండ్లతోటి సూసినవా తల్లీ?"

"చూశాను."

"పిలగానికాడ సూసినవా?"

నేను పక్కనే ఉన్నాను. ఆమె మోచెయ్యి గట్టిగా నొక్కాను. చూశానని అంటే అయిపోయేది. ఎవరు అడ్డం వస్తారు? గేటు దగ్గర ఆమె అతనితో మాట్లాడింది పేటలో పదిమంది చూశారు. అతను నేల చూపులు చూస్తున్నాడు. అతనికీ తెలుసు, ఆ మొహం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఒక్క ముక్క అబద్ధం. కుట్టుమిషను అన్నంత అబద్ధం.

"చూడలేదు" అంది డాక్టరమ్మ. "చూడనివ్వండనే అడుగుతున్నాను. ఇప్పుడే, ఇక్కడే చూస్తాను."

వాకిట్లో మగవాళ్లు చిన్నగా నవ్వారు, ఎగతాళిగా కాదు, సిగ్గుతో. పెద్దాయన నవ్వలేదు. "సూడంది సెప్పవని గంత దూరం నీ పేరున్నది తల్లీ. సూసింది సెప్పినవు, ఇన్నం. సూడనిదాని మీద మేమెట్ల ఇంసాఫు జేస్తం?" అన్నాడు. మొగవాణ్ణి నలుగుర్లో బట్ట విప్పించే ఆచారం తమలో లేదని కూడా చెప్పాడు. ఆడదాని సంగతి నలుగుర్లో విప్పడానికి మాత్రం ఆచారం ఎవరినీ అడ్డుకోలేదు. సోమక్కను పుట్టింటికి పంపేయాలని తీర్పు చెప్పారు. ఆమె వచ్చి డాక్టరమ్మ కాళ్లకు దండం పెట్టి, తమ్ముడి వెంట వెళ్లిపోయింది. ఎందుకు దండం పెట్టిందో నాకు అర్థం కాలేదు. నేనైతే ఉమ్మేసి ఉందును.

తిరుగు బస్సులో పోట్లాడాను. ఆమె నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది, పైగా నాకు అన్నం పెట్టేది, అయినా నోరు ఆగలేదు. ఒక్క మాటతో పోయేదానికి ఆ పిల్ల బతుకు బుగ్గి చేశారు కదమ్మా అన్నాను. ఆమె కిటికీ వైపే చూస్తూ, ఈరోజు చూడనిది చూశానంటే రేపు నేను చూసింది కూడా ఎవరూ నమ్మరు, రేపు రావలసిన ఆడవాళ్లు ఎంతమంది అని అంది. రేపటి ఆడవాళ్ల సంగతి సరే, ఈరోజు ఆమె ఎక్కడికి పోవాలి అన్నాను. ఆమె పెట్టెను ఒళ్లోకి ఇంకాస్త లాక్కుంది. చెప్పడానికి ఆమె దగ్గరా ఏమీ లేదని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం మొండితనం అనుకున్నాను. నెల రోజులు ఆమెతో అవసరమైన మాటలే మాట్లాడాను.

ఆమె మాత్రం వాడపల్లి వైపు పోతూనే ఉంది. మూడుసార్లు వెళ్లి సోమక్కను చూసింది. స్లైడు శుభ్రం, మూతి మామూలు రంగుకు వచ్చింది, నొప్పి లేదు. సోమక్క అడిగితే ఇప్పుడు ఏ రోగమూ లేదని ఇంకో చీటీ రాసిచ్చింది. వాళ్ల నాన్న అది పట్టుకుని మిర్యాలగూడ వెళ్లాడు. ఉన్నది నిజమే కదా, ఉంటేనే కదా పోయింది అని తిప్పి పంపారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందనే సామెత ఊరికే పుట్టలేదు. ఎంత నిజం చూపిస్తే అంతా ఆమె మీదే పడింది.

పోలీసు యాక్షన్ అయింది. బస్సులు మళ్లీ సరిగ్గా తిరిగాయి. మరుసటి ఏడు ఎండాకాలం ముందు ఒక పొద్దున సోమక్క అత్త మా గేటు తోసుకుని వచ్చింది. వెనక ఒక పిల్ల, ఇంచుమించు నా ఈడుది, కొత్త మట్టెలు చప్పుడు చేసుకుంటూ. పొత్తికడుపు పట్టుకుని వంగి నడుస్తోంది. అడగనక్కర్లేకపోయింది. డాక్టరమ్మ ఆ పిల్లను చూసి, చీము తీసి, రంగులు పోసి, కిటికీ దగ్గర కూర్చుంది. ఏమే, ఎక్కడున్నావే అని అనలేదు. వెతకాల్సిన పని కూడా లేకపోయింది.

పిల్లను వెనక గదిలో పడుకోబెట్టి వచ్చేసరికి ముసలమ్మ మైక్రోస్కోపు దగ్గర నిలబడి ఉంది. నాకూ చూపించమంది. డాక్టరమ్మ కుర్చీ జరిపింది. ఆమె వంగి, చాలాసేపటికి కన్ను ఆనించడం కుదిరాక చూసింది. అప్పుడు దానికాడ చూసినవి ఇవేనా అని అడిగింది. ఇవేనని డాక్టరమ్మ చెప్పింది.

ముసలమ్మ కుర్చీ దిగి నేల మీద కూర్చుంది.  "నలభై ఏండ్లు గొర్ల ఎంట తిరిగిన తల్లీ. మందల రెండు గొర్లు కడుపు నిలువక ఈసుకపోయినయంటె ముందుగాల పొట్టేలును తీసి అవుతల కడ్తం. గొర్రె మొకం గూడ సూడం." కళ్లు తుడుచుకోలేదు. "నా కొడుకును యాడ కట్టాలె?"

 ఇప్పుడు ఈ మాటే వెళ్లి పెద్దల ముందు చెప్పమని నేను అడిగాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఒక్కడే కొడుకు, నలుగుర్లో వాడి తల కొట్టేస్తే ఈ పిల్ల బతుకేం బాగుపడుతుంది, దాని బతుకు ఎట్లాగూ పోయింది అని అంది. దాని అంటే సోమక్క అని. చీటీ మాత్రం రాయొద్దని రెండు చేతులూ జోడించింది.

డాక్టరమ్మ రాయలేదు. ఆ పిల్లకు మూడు రోజులు సూదులు వేశాం. నాలుగో పొద్దున వాళ్లు బయల్దేరుతుంటే డాక్టరమ్మ అల్మారా తీసి, సల్ఫా మాత్రలు లెక్కపెట్టి కాగితంలో పొట్లం కట్టింది. పెన్సిలిన్ అంత గట్టివి కావు అవి, అయినా లేనిదాని కంటే నయం. ముసలమ్మ చేతిలో పెట్టి, కొడుకుకు రోజుకు ఇన్ని, ఇన్ని రోజులు అని చెప్పింది. అతని ఒంట్లోది ఆమె అప్పటికీ చూడలేదు.

"ఏమని ఇయ్యాలె?" అంది ముసలమ్మ.

"బలానికి అని చెప్పండి" అంది డాక్టరమ్మ.

ముసలమ్మ పొట్లం కొంగున ముడేసుకుని కోడల్ని ముందు నడిపించుకుంటూ వెళ్లింది. ఆ మాత్రలు అతను మింగాడో, గోలెంలో పడేశాడో మాకు ఏ కబురూ రాలేదు. డాక్టరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది, రంగు అంటిన చెయ్యి ద్వారబంధానికి ఆనించి. ఇట్లాంటి అబద్ధం ఒక్కటి పోయినేడు మిర్యాలగూడ వాకిట్లో ఆడి ఉంటే సోమక్క ఇల్లు సోమక్కకు ఉండేది. నా నోటి దాకా వచ్చింది. ఆమె నా వైపు తిరిగింది, ఆ మాట కోసమే చూస్తున్నట్టు. నేను అనలేదు. అంటే తట్టుకునేటట్టు లేదు ఆమె. సూదులు ఉడకబెట్టాలని చెప్పి లోపలికి వెళ్లిపోయాను.